గోండుల పలుకు నేర్చిన పండితుడు

గోదావరికి దక్షిణపు గట్టున కరీంనగరము సీమ యున్నది. అచ్చట ఏ యూరికి పోయినను సాధారణముగా వినవచ్చు పలుకు తెలుగే. నది దాటి ఉత్తరమునకు సాగినచో కొంతదూరము మైదానము కనబడును. పిదప టేకు చెట్లతో నిండిన కొండలు మొదలగును. అది పాత ఆదిలాబాదు జిల్లా. ఆ కొండలలో వారమునకొకమారు కూడు అంగడిలో నిలిచి చెవి యొగ్గినచో ఒక్క గడియలోనే నాలుగైదు భాషలు వినబడును. వర్తకుడు మరాఠీలోనో తెలుగులోనో బేరమాడును. కోలాములు తమలో తాము కోలామీ భాషలో మాటలాడుకొందురు. గోండులది గోండీ భాష. నిజాము ప్రభుత్వ కాలమున వీటన్నిటిపైని ఉర్దూ రాజభాషయై యుండెను.

ఇన్ని భాషలు ఒకచోట నుండుట వినుటకు వేడుకగానే యుండును గాని, గోండులకు మాత్రము అది వేడుక కాదు. భూమి శిస్తు కాగితము ఉర్దూలో వచ్చును. అడవి జుల్మానా రసీదు ఉర్దూలో వచ్చును. గోండు దానిని చదువలేడు. ఉద్యోగి గోండు మాటను గ్రహింపలేడు. నడుమ నిలిచి ఇటు మాట అటు చేరవేయువాడు ఏమి చెప్పిన అదే చెల్లును. తరతరములుగా తాత తండ్రులు దున్నిన చేను ఎవరి పేరనో పట్టా అయినదని, ఆ చేను దున్నువానికి కడపట తెలిసెడిది.

1941 ప్రాంతమున ఈ కొండలకు ఐరోపా నుండి ఒక పండితుడు వచ్చెను. విశ్వవిద్యాలయములలో చదివి పట్టములు పొందినవాడు, గ్రంథములు వ్రాసినవాడు. అట్టివాడు మార్లవాయి యను చిన్న పల్లెలో గుడిసె వేసికొని, అక్షరము నెరుగని గోండుల యెదుట శిష్యుడై కూర్చుండి, వారి పలుకు పలుకుట నేర్చుకొనెను. ఆయన పేరు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫు.

హైమన్‌డార్ఫు 1909వ సంవత్సరమున ఆస్ట్రియా దేశపు రాజధానియగు వియన్నా నగరమున ఒక ప్రభువంశమున జన్మించెను. ఆయన మాతృభాష జర్మను. చిన్ననాడే రవీంద్రనాథ ఠాకూరు రచనలు చదివి, భారతదేశముపై మక్కువ పెంచుకొనెను. వియన్నా విశ్వవిద్యాలయమున మానవశాస్త్రము నభ్యసించి, అస్సాము, బర్మా సరిహద్దులలోని కొండజాతులను గూర్చి వ్యాసము వ్రాసి 1931లో డాక్టరు పట్టమును పొందెను. ఆశ్చర్యమేమనగా, ఆ వ్యాసము వ్రాయునాటికి ఆయన ఆ కొండలను గాని, ఆ జనులను గాని కన్నెత్తి చూచియుండలేదు. ఇతరులు వ్రాసిన గ్రంథములను బట్టియే దానిని సిద్ధపరచెను. ఆ కాలమున పెక్కుమంది పండితులు అట్లే చేయుచుండిరి.

తరువాత ఆయన లండను నగరమునకు పోయెను. అచ్చట మాలినోవ్‌స్కీ యను ప్రసిద్ధ ఆచార్యుడు బోధించుచుండెను. మాలినోవ్‌స్కీ పోలండు దేశీయుడు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున పసిఫిక్ మహాసముద్రములోని ట్రోబ్రియాండు దీవులలో ఏండ్ల తరబడి నివసించి, అచ్చటి జనుల భాషను వారివలెనే మాటలాడ నేర్చినవాడు. ఒక జాతిని గూర్చి తెలిసికొనదలచినవాడు వారి పల్లెలో గుడారము వేసికొని యుండవలెనని, దుబాసీని నమ్ముకొనక వారి భాషనే నేర్వవలెనని ఆ ఆచార్యుని మతము. హైమన్‌డార్ఫు జీవితమున ఈ బోధ గాఢముగా నాటుకొనెను.

1936లో ఆయన తొలిసారిగా భారతదేశమునకు వచ్చి, నాగకొండలలో కొన్యాకు నాగులను దర్శించి, మరుసటి యేడు వరకు వారి నడుమ గడపెను. 1938లో ఎలిజబెత్ బర్నార్డో యను ఆంగ్ల యువతిని వివాహమాడెను. అందరును ఆమెను బెట్టీ యని పిలుచుచుండిరి. ఆమె కేవలము భర్తవెంట నడచిన ఇల్లాలు గాదు. అడవి దారులలోను, జ్వరములలోను, వానలలోను ఆయనతో సమముగా శ్రమపడి, పరిశోధనలో సగపాలు పంచుకొన్న విదుషి.

1939లో ఆ దంపతులు మరల భారతదేశమునకు వచ్చిరి. వారు హైదరాబాదు చేరిన కొలది కాలమునకే రెండవ ప్రపంచయుద్ధము పుట్టెను. అంతకు ముందే హిట్లరు ఆస్ట్రియాను జర్మనీలో కలిపివేసియున్నందున హైమన్‌డార్ఫు చేతిలో జర్మను ప్రభుత్వపు పాస్‌పోర్టు ఉండెను. బ్రిటిషువారి దృష్టిలో ఆయన శత్రుదేశీయుడు. ఆయనను నిర్బంధించిరి. కాని ఆయనను ఎరిగిన అధికారుల సహాయమువలన ఆ నిర్బంధము వింత రూపము దాల్చెను: హైదరాబాదు రాజ్యపు పొలిమేర దాటరాదను కట్టడితో ఆయనను విడిచిరి. ఆ రాజ్యము విస్తీర్ణమున సుమారు 82,000 చదరపు మైళ్లు. ఇంత విశాలమైన చెరసాల ఏ ఖైదీకి దొరకును? రాజ్యములోని అడవులను, కొండలను ఆయన తన పాఠశాలగా చేసికొనెను.

మొదట నల్లమల అడవులలోని చెంచుల నడుమ నివసించెను. పిమ్మట గోదావరి లోయలోని కొండరెడ్లను దర్శించెను. ఈ రెండు జాతులవారును మాటలాడునది తెలుగే. వారిని గూర్చి ఆయన వ్రాసిన గ్రంథములు 1943లోను, 1945లోను వెలువడెను. ఆదిలాబాదు గోండుల సంగతి వేరు. వారు ఒకప్పుడు చాందా మొదలగు చోట్ల రాజ్యమేలిన రాజగోండుల సంతతి. వారి భాష వేరు, దేవతలు వేరు, వారి గతమును చెప్పు గాథలు వేరు.

గోండుల కొండలకు హైమన్‌డార్ఫు పోవుటకు పూర్వము ఒక ఘోరము జరిగెను. అడవిని రిజర్వు చేసి పల్లెలను లేవగొట్టుట, జుల్మానాలు విధించుట, లంచములు గుంజుట మితిమీరగా, కుమురం భీము అను గోండు వీరుడు తనవారిని కూడగట్టి ఎదురు నిలిచెను. దున్నుకొను నేలపై, పశువులు మేయు అడవిపై తమకు హక్కు కావలెనని ఆయన కోరెను. 1940లో జోడేఘాటు కొండపై నిజాము పోలీసులు కాల్పులు జరుపగా భీమును, ఆయన అనుచరులు కొందరును ప్రాణములు గోల్పోయిరి. ఆ పిమ్మట ప్రభుత్వమునకు గోండుల కష్టములకు మూలమేమో తెలిసికొనవలెనను తలంపు కలిగెను. కొండలలో పరిశోధన చేయుచున్న హైమన్‌డార్ఫు మాట అప్పుడు పాలకులకు పనికివచ్చెను.

అయితే మాటవరుసకు పోయి, నాలుగు దినములుండి, దుబాసీని అడిగి, నివేదిక వ్రాసి వచ్చుట హైమన్‌డార్ఫునకు సమ్మతము గాలేదు. మొదట దుబాసీల సాయము తప్పలేదన్నది నిజమే. కాని గోండు చెప్పినది మరాఠీలోనికి, మరాఠీ నుండి ఉర్దూలోనికి, ఉర్దూ నుండి ఇంగ్లీషులోనికి మారుచు వచ్చునప్పుడు దాని రసము దారిలోనే ఇంకిపోవును. పైగా పట్నపు దుస్తులు ధరించిన దుబాసీ ఎదుట ఏ గోండు మనసు విప్పును? ఈ కారణములచేత దంపతులు మార్లవాయిలో స్థిరముగా నిలిచిరి. ఆ పల్లె నేడు కుమురం భీం ఆసిఫాబాదు జిల్లా జైనూరు మండలమున ఉన్నది. తక్కిన ఇండ్లవలెనే మట్టితోను, వెదురుతోను, గడ్డితోను కట్టిన ఇల్లు వారికి నివాసమయ్యెను.

క్రొత్త భాషను పుస్తకముతో నేర్చుట ఒక విధము. పుస్తకమే లేని భాషను నేర్చుట మరియొక విధము. మార్లవాయి గోండులకు తమ భాషలో అచ్చుపుస్తకము లేదు, పాఠశాల లేదు. కావున గురువు అనదగినవాడు ఊరిలోని ప్రతివాడును గురువే. చేని గట్టున కాపలా యున్న ముసలివాడు, పశువులను తోలుకొని పోవు బాలుడు, పటేలు ఇంటి వాకిట చేరు పెద్దలు — వీరే ఆయనకు పలుకు దిద్దిరి. ఊరి ఆడువారితో చెలిమి చేసి బెట్టీ కూడ ఆ భాషను వినుచు, పలుకుచు నేర్చెను.

జర్మను భాష పలుకు నాలుకకు మన దేశభాషలు సులభముగా లొంగవు. మనకు త వేరు, ట వేరు. ద వేరు, డ వేరు. జర్మనులో ఈ భేదము లేదు. త పలుకునప్పుడు నాలుక కొన పంటిని తాకవలెను; ట పలుకునప్పుడు నాలుక వెనుకకు మడిగి అంగిటిని తాకవలెను. ఆ రెంటి నడుమ ఎక్కడనో ఒకచోట నాలుకను మోపుట చిన్ననాటి నుండి అలవడినవాడు, త అని తలంచి పలికినది వినువారికి ట యని తోచును. ట అని తలంచినది త యని తోచును. అచ్చులలో హ్రస్వ దీర్ఘములు తప్పినను అర్థము తారుమారగును. ఇట్టి తప్పులకు ఊరి పిల్లలు నవ్వక మానరు. పెద్దలు నవ్వు దాచుకొందురు గాని పిల్లలు దాచుకొనరు. పలుకు నేర్చువానికి పెద్దల మర్యాద కంటె పిల్లల నవ్వే మేలు చేయును. ఎక్కడ తప్పినదో అప్పటికప్పుడే తెలియును గదా!

చెవికి వింతగా తోచినను గోండీ మనకు పరాయి భాష గాదు. అది తెలుగు, తమిళము, కన్నడము, కోలామీలతో కూడిన ద్రావిడ కుటుంబములోనిది. నీటిని గోండులు 'ఏర్' అందురు. మనము ప్రవాహమును ఏరు అనుచున్నాము. చేతిని 'కై' అందురు. తమిళులును అట్లే అందురు. మన తెలుగులో మాత్రము ఆ కకారము చకారమై 'చేయి' అయినది. చేప వారికి 'మీన్'. హైమన్‌డార్ఫునకు మిక్కిలి అక్కరకు వచ్చిన మాటలు మాత్రము ఇవి కావు. వారి కుల కట్టుబాటునకు సంబంధించిన మాటలు. గోండులలో నాలుగు 'సగా'లు గలవు. నాల్వేన్ సగా నలువురు అన్నదమ్ముల వంశము. సివేన్ సగా ఐదుగురిది. సార్వేన్ సగా ఆర్వురిది. ఏర్వేన్ సగా ఏడ్గురిది. ఒకే సగాలోనివారు తమలో తాము వివాహమాడరాదు. సార్వేన్ అను మాటలో తెలుగు 'ఆరు' మొదట లోపించిన అక్షరము ఇంకను నిలిచియున్నదని భాషావేత్తలు చూపుదురు. దుబాసీ 'సగా' యను మాటను చుట్టరికమని ఒక్క ముక్కలో చెప్పి ఊరకుండును. అట్లే పెర్సాపేన్ అనగా దేవుడని చెప్పి ముగించును. కాని పెర్సాపేన్ అనునది ఒక్కొక్క వంశమునకు వేరువేరుగా నుండు మహాదైవము. ఆ దైవముచుట్టు వంశమంతయు కూడును. మాటను మాటగానే పట్టుకొన్నవానికి గాని ఈ కట్టడి అంతయు తెలియదు.

గోండుల గాథలు చెప్పువారు పర్ధానులు. ప్రతి గోండు వంశమునకు పరంపరగా వచ్చు పర్ధాను కుటుంబములు గలవు. వారు కిక్రి యను తంత్రీవాద్యమును కమానుతో వాయించుచు, రాత్రుల తరబడి ఆ వంశపు వీరుల కథలు, దేవతల కథలు గానము చేయుదురు. ఇచ్చట ఒక విచిత్రము గలదు. ఆదిలాబాదు పర్ధానులు ఇండ్లలో మాటలాడుకొనునది మరాఠీ; పాడునది మాత్రము గోండీ. కావున పర్ధాను బాలుడు కూడ పెద్దల ప్రక్కన కూర్చుండి, వారి నోటి వెంబడి పలుకు దిద్దుకొనియే ఆ విద్యను సాధింపవలెను. పాట పాడుటకు పలుకు నేర్చిన ఆ గాయకులే హైమన్‌డార్ఫునకు గొప్ప గురువులైరి. వారు చెప్పిన గాథలను ఆయన వ్రాసికొని, అర్థము విచారించి, గోండుల పురాణములను, పూజలను గూర్చిన మహాగ్రంథమును 1948లో ప్రకటించెను. తీరికగా కూర్చుండి పాట వినక, ఒక్క ప్రశ్నకు ఒక్క జవాబు కోరువానికి ఆ గాథలు దొరకియుండెడివి కావు.

పలుకు వచ్చినకొలది గోండులు ఆయన వద్ద తమ గోడు చెప్పుకొన మొదలిడిరి. ఎవని చేను ఎవని పాలయ్యెనో, ఏ పల్లెను అడవి శాఖవారు ఎప్పుడు లేవగొట్టిరో, ఎంత అప్పునకు ఎంత ధాన్యము కొలిచిరో ఆయన విని వ్రాసికొనెను. వినుట వేరు, వినిపించుట వేరు. హైమన్‌డార్ఫు రెండవ పనికిని పూనుకొనెను. గోండుల భూములను గూర్చి, అడవి చట్టములను గూర్చి ప్రభుత్వమునకు నివేదికలు సమర్పించెను. అవి 1945లో గ్రంథరూపమున వెలువడెను. అప్పుడు హైదరాబాదు ప్రభుత్వమున రెవిన్యూ శాఖ నిర్వహించుచున్న గ్రిగ్‌సను దొర పూర్వము బస్తరులో పనిచేసి, అచ్చటి గోండులను గూర్చి గ్రంథము వ్రాసినవాడు. అందుచేత ఆ నివేదికలు బీరువాలో పడియుండలేదు. గోండులు దున్నుచున్న భూములకు పట్టాలిచ్చు పని సాగెను. 1940-50 నడుమ సుమారు 1,60,000 ఎకరముల భూమి ఆదిలాబాదు గిరిజనుల పేర వ్రాయబడెను. సేతు మాధవరావు పగడి వంటి ఉన్నతోద్యోగులు కూడ గోండీ భాషను నేర్చిరి. పగడి ఆ భాషకు వ్యాకరణము కూడ వ్రాసెను. దుబాసీ లేకుండ గోండుతో మాటలాడు అధికారి ఆ కొండలకు అదివరకు అరుదు.

ఒక్క అధికారి భాష నేర్చిన చాలదు. అతడు బదిలీ అయి పోవును. గోండులే చదువుకొని తమ కాగితము తాము చదువుకొనవలెను. ఇందులకై 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రము నెలకొనెను. దంపతులిరువురును దానికై పాటుపడిరి. మొదట దొరకిన విద్యార్థులు కొలదిమందియే. మరాఠీ అక్షరములు ఏదో కొంత ఎరిగిన గోండు యువకులు. వారికి శిక్షణ నిచ్చి, వారినే గోండు పల్లెలకు ఉపాధ్యాయులుగా పంపవలెనని ఏర్పాటు.

బడిలో ఏ భాషలో చెప్పవలెననునది పెద్ద చిక్కయ్యెను. గోండు బాలుడు ఇంటిలో ఒక్క ముక్కయు వినని భాషలో, మొదటి దినముననే అక్షరము దిద్దుమన్నచో భయపడి అడవిలోనికి పారిపోవును. అందుచే మొదటి పుస్తకములు గోండీలోనే తయారయ్యెను. లిపి విషయమున, మరాఠీకి వాడు దేవనాగరిని గైకొనిరి. ఆ ప్రాంతమున కొందరికైనను అది పరిచితము. బాలుడు తన మాటనే అక్షరములలో చూచి చదువ నేర్చును. పిదప క్రమముగా ఇతర భాషలు నేర్చును. ఇది ఏర్పాటు. అదే జిల్లాలోని గుంజాల యను ఊరిలో గోండీ భాషకు ప్రత్యేకమైన లిపితో వ్రాతప్రతులు ఉన్న సంగతి అప్పటి విద్యాధికారులకు తెలియదు. ఆ ప్రతులు 2000వ సంవత్సరము తరువాతనే పండితుల దృష్టికి వచ్చి, 2018లో ఆ లిపి యూనికోడునందు చేరెను. ఆనాడే ఆ లిపి బడులలో చేరియున్నచో ఎట్లుండెడిదో గదా!

మార్లవాయి శిక్షణ పొందినవారిలో ఉపాధ్యాయులేగాక, ఇతర ప్రభుత్వోద్యోగములలో చేరినవారును గలరు. తమ కాగితమును తామే చదువగలవారు, తమ మాటను కచ్చేరీలో తామే చెప్పగలవారు గోండులలో తొలిసారిగా ఒక వర్గముగా ఏర్పడిరి. కేస్లాపూరులో మెస్రం వంశమువారు పుష్యమాసమున నాగోబా దేవతకు జరుపు జాతరలో, అధికారులు వచ్చి కూర్చుండి గిరిజనుల మొరలు వినెడి దర్బారు ఏర్పడినదియు ఈ దశాబ్దమందే. దానికి హైమన్‌డార్ఫు కారకుడని గోండులు నేటికిని చెప్పుకొందురు. ఆ దర్బారు ఇప్పటికిని జరుగుచున్నది.

1944లో ప్రభుత్వము ఆయనను ఈశాన్య సరిహద్దు కొండలకు పంపగా, అచ్చట అపాతానీలను దర్శించి, 1945లో హైదరాబాదునకు మరలివచ్చెను. నిజాము ప్రభుత్వమునకు గిరిజన, వెనుకబడిన తరగతుల సలహాదారుగను, ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగను పనిచేసెను. శత్రుదేశీయుడని నిర్బంధించిన రాజ్యమే ఆయనను సలహాదారుగా కూర్చుండబెట్టుట కాలవైపరీత్యము. తరువాత ఆయన లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా విద్యాలయమునకు పోయి, 1951లో ఆచార్య పదవి నలంకరించెను. నేపాలమునకు పోయి షేర్పాలను గూర్చి వ్రాసిన గ్రంథము 1964లో వెలువడెను. 1976లో ఉద్యోగ విరమణ చేసెను.

విశ్రాంతి తీసికొనవలసిన వయస్సున ఆ దంపతులు మరల ఆదిలాబాదు కొండలకు వచ్చిరి. మార్లవాయి వారిని మరువలేదు. కాని వారు చూచిన దృశ్యము మాత్రము సంతోషకరము గాదు. అడవులు తరిగియుండెను. రోడ్లు పడినవి, రోడ్ల వెంట వెలుపలి జనులు పెక్కువేలమంది వచ్చి స్థిరపడిరి. 1940-50 నడుమ పట్టాలు పొందిన గోండు కుటుంబములు అనేకము ఆ భూములను మరల గోలుపోయి కూలిపనులు చేసికొనుచుండెను. గోండీ పుస్తకములు ఏనాడో మూలబడినవి. గోండు బాలుడు మొదటి దినమునుండియే తెలుగులో చదువవలసియుండెను. ఈ సంగతులన్నిటిని హైమన్‌డార్ఫు దాచిపెట్టలేదు. తాను పాటుపడి నిలిపినది కూలిపోవుటను ఉన్నదున్నట్లుగా 1982లో వెలువడిన గ్రంథమున వ్రాసెను. దానికి ముందటి యేడే, 1981 ఏప్రిల్ 20వ తేదీన, ఇంద్రవెల్లిలో భూమి హక్కులకై కూడిన గోండులపై పోలీసు కాల్పులు జరిగియుండెను. జోడేఘాటు కాల్పులకు అది 41 సంవత్సరముల తరువాతి మాట.

1987 జనవరి 11వ తేదీన బెట్టీ హైదరాబాదులో మరణించెను. ఆమెను మార్లవాయికి తీసికొని వచ్చి, గోండుల ఆచారముననుసరించి అచ్చటి నేలలో ఖననము చేసిరి. హైమన్‌డార్ఫు 1995 జూన్ 11వ తేదీన లండనులో కన్నుమూసెను. భార్య ప్రక్కన మార్లవాయిలోనే తనకును చోటు దొరకవలెనను ఆయన కోర్కె నెరవేరుటకు పదునేడు సంవత్సరములు పట్టెను. 2012లో ఆయన కుమారుడు చితాభస్మమును తీసికొని రాగా, గోండులు డోళ్లతోను, కాలికొమ్ములతోను ఊరేగించి బెట్టీ సమాధి ప్రక్కన నిక్షేపించిరి. ప్రతి సంవత్సరము జనవరి 11వ తేదీన చుట్టుప్రక్కల పల్లెలవారు ఆ రెండు సమాధుల యొద్ద కూడుదురు. అచ్చట జరుగు సభలో గోండు పెద్దలు ఆ దంపతులను గూర్చి చెప్పుకొనునది గోండీ భాషలోనే.